ఆఫ్రికా రాజ్యములు – పన్నుల వసూలునందు పరస్పర సాహాయ్యము

కొన్ని మాసముల క్రిందట మేము తొమ్మిదవ తరగతి పిల్లలకు ఆఫ్రికా ఖండపు ఖనిజ సంపదను గూర్చి పాఠము చెప్పుచుంటిమి. గోడపటము మీద జాంబియా దేశమును చూపి, కాంగో సరిహద్దు నానుకొని యున్న ప్రాంతమున రాగి గనులు మిక్కుటముగా గలవనియు, ఆ ఖండమున కాంగో తరువాత ఎక్కువ రాగి త్రవ్వు దేశమిదియే యనియు చెప్పగా, వెనుకబల్ల మీది బాలుడొకడు లేచి, "అయ్యా, అంత రాగి యుండగా ఆ దేశమేల పేదదైనది?" అని యడిగెను. అంతలో గంట కొట్టుటచేత ఆనాటికి తప్పించుకొంటిమి. కాని యా ప్రశ్న మమ్ము విడువలేదు. తరువాత చదివి తెలిసికొన్న సంగతులను ఆ బాలునికి మాత్రమేగాక, వాని తలిదండ్రులకును, తక్కిన చదువరులకును వినిపింపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పేదరికమునకు కారణము లనేకములు. వానిలో మేమొక్కదానినే యిచట తీసికొందుము. అది ప్రభుత్వమునకు న్యాయముగా రావలసిన పన్ను రాకపోవుట. 2021వ సంవత్సరమున 33 ఆఫ్రికా దేశముల లెక్కలు చూడగా, ఆయా దేశములలో ఏడాదిలో జరిగిన ఉత్పత్తి విలువలో సగటున నూటికి సుమారు 15.6 వంతులే పన్నుల రూపమున ప్రభుత్వములకు చేరినవి. అదే యేట ధనిక దేశముల కూటమియగు ఓ.ఇ.సి.డి.లో ఈ భాగము నూటికి 34 వంతులు. పాత ఋణములకు వడ్డీ కట్టి, సైన్యమునకును పోలీసులకును జీతములిచ్చి, బాటలు వేసిన పిదప ఆ పదునైదు వంతులలో బడికిని ఆసుపత్రికిని మిగులునది యెంతయో పిల్లలే లెక్క వేసికొనవచ్చును.

పన్ను తక్కువ వచ్చుటకు ప్రజలు దానిని ద్వేషించుట యొక కారణమని కొందరందురు. ద్వేషించుటకు హేతువు లేకపోలేదు. ఆ ఖండమున పరదేశ ప్రభువులు పన్ను వేసినది బడులు కట్టుటకు గాదు. 1898లో సియెర్రా లియోను దేశమున ఇంటింటికిని గుడిసె పన్ను విధింపగా బై బురే యను నాయకుని క్రింద ప్రజలు తిరుగబడి పోరాడిరి. 1906లో నేటాలు ప్రాంతమున తలకు 1 పౌను చొప్పున పన్ను వసూలు చేయబోగా బంబాథా యను జూలూ నాయకుని తిరుగుబాటు జరిగెను. చేతిలో రొక్కము లేని పల్లెవాడు పన్ను కట్టవలెనన్న తెల్లదొర గనిలోనో తోటలోనో కూలికి పోక తప్పదు. పన్ను యొక్క ముఖ్యోద్దేశములలో నది యొకటి.

ఈ సంగతి తెలుగువారికి దూరపుది కాదు. 1860 నవంబరులో ట్రూరో యను ఓడ మద్రాసునుండి కూలీలను డర్బను రేవున దింపినది మొదలు, వేలకొలది తెలుగువారును తమిళులును నేటాలు చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా పోయిరి. అయిదేండ్ల ఒప్పందము ముగిసిన పిమ్మట స్వేచ్ఛగా అచ్చటనే నిలువదలచిన వారిమీద 1895 నాటి చట్టముచేత ఏటికి 3 పౌనుల పన్ను వేసిరి. ఒప్పందపు కూలీకి మొదటి యేట నెల జీతము 10 షిల్లింగులు. పౌనుకు 20 షిల్లింగులు గనుక ఆ పన్ను ఆరు నెలల జీతము! కట్టలేనివాడు మరల ఒప్పందము వ్రాసికొనవలెను, లేదా ఓడ యెక్కవలెను. తరువాత బిడ్డలమీద కూడ ఈ పన్ను పడెను. 1913లో గాంధీగారి నాయకత్వమున జరిగిన సమ్మెలో ఈ తోటల కూలీలు, గనుల కూలీలు వేలకొలదిగా పనులు మానిరి. 1914లో ఆ పన్ను రద్దయ్యెను. పన్నువాడనగా భయపడు అలవాటు అట్టి దినములనుండి వచ్చినది. స్వతంత్ర రాజ్యము లేర్పడిన పిదప కూడ అది యొక్క దినమున పోవునది కాదు.

స్వాతంత్ర్యము వచ్చిన కొన్ని దశాబ్దములకు ఆ రాజ్యములు పన్నుల శాఖలను సంస్కరింప బూనెను. ఉగాండా 1991లోను, కెన్యా 1995లోను, దక్షిణాఫ్రికా 1997లోను పన్నుల వసూలునకు వేరుగా సంస్థలను నెలకొల్పినవి. మంత్రిత్వ శాఖలోని గుమాస్తాల చేతినుండి పని తప్పించి, మంచి జీతములిచ్చి, లెక్కలు తెలిసినవారిని చేర్చుకొని, వసూళ్లు పెంచిరి. అయితే యిందువలన ముందుగా చిక్కినవారెవరు? నెల జీతముపై బ్రతుకు ఉపాధ్యాయుడు, దుకాణదారుడు, బజారులో టమాటాలు అమ్ముకొను స్త్రీ. పెద్ద చేపలు వల దాటి పోవుచునే యుండెను. ఎట్లు పోవునో చెప్పుటయే మా ముఖ్యోద్దేశము.

ఒక రైతు నూరు బస్తాల మిరప పండించెననుకొందము. బస్తాకు ఖర్చు 300 రూపాయలు. బజారు ధర 1000. న్యాయముగా అమ్మినచో లాభము 70,000. దానిపై పన్ను కట్టవలెను. ఆ రైతునకే పన్ను లేని పొరుగు సంస్థానమున బావమరది పేర ఒక కొట్టు గలదు. ఆయన తన మిరపనంతయు ఆ కొట్టునకు 300 లెక్కను అమ్మినట్లు కాగితము వ్రాసి, అక్కడినుండి బజారునకు 1000కి అమ్మించెను. ఊరిలోని లెక్కలో లాభము సున్న. పన్ను సున్న. లాభమంతయు పన్ను లేని చోట పుట్టినట్లు కనబడును. మిరప ఒక్క గింజయైనను తక్కువ కాలేదు, ఎవరి ఇంటను దొంగ పడలేదు. కుడిచేతినుండి ఎడమచేతికి వేసికొన్న వెల మాత్రమే మారినది. ఒకే యజమాని క్రింద అనేక దేశములలో శాఖలుగల కంపెనీలు సరుకులకు మాత్రమేగాక, అప్పునకు వడ్డీయనియు, సలహాకు రుసుమనియు, పేరు వాడుకొన్నందుకు వెల యనియు ఇట్లే వ్రాసికొనుటకు వీలున్నది. కనుక పన్నుల చట్టములు ఒక సూత్రము పెట్టినవి: స్వంత శాఖకు అమ్మినను, పరాయివానికి అమ్మినచో వచ్చెడి ధరనే వేయవలెను.

సూత్రము సులభము, రుజువు కష్టము. జాంబియా వృత్తాంతమే చూడుడు. మొపానీ రాగి గనుల కంపెనీలో ఆ కాలమున స్విట్జర్లండు నందలి గ్లెన్‌కోర్ అను పెద్ద వర్తక సంస్థకు ఆధిపత్యముండెను. మొపానీ తన రాగిని గ్లెన్‌కోర్‌కే అమ్ముచుండెను. 2006 మొదలు 2009 వరకు గల లెక్కలను జాంబియా పన్నుల అధికారులు తనిఖీ చేసి, పరాయి కొనుగోలుదారులకు ఇచ్చిన ధరకంటె స్వంతవారికిచ్చిన ధర తక్కువగా నున్నదని పన్ను వేసిరి. కంపెనీ ఒప్పుకొనలేదు. వ్యాజ్యము ట్రిబ్యునలునుండి పైకి పోయి, 2020 మే మాసమున జాంబియా సుప్రీం కోర్టు అధికారుల పక్షమున తీర్పు చెప్పెను. తేలిన పన్ను 24 కోట్ల క్వాచాలు, అనగా సుమారు 1.3 కోట్ల డాలర్లు. తనిఖీ చేయబడిన సంవత్సరములకును తీర్పునకును నడుమ పదేండ్లకు పైగా గడచినవి. ఈ వ్యాజ్యములో గెలుచుటకు కావలసిన విద్య జాంబియా అధికారులకు పుట్టుకతో రాలేదు. అట్టి లెక్కల తనిఖీలో వారికి ఇతర దేశముల నిపుణులును, ఆఫ్రికా పన్నుల సంఘమును తోడ్పడినందుననే ఆ గెలుపు ఖండమంతటికిని పాఠమైనది.

మరియొక విధమును గలదు, అందు మన దేశపు కంపెనీ యొకటి కూడ కనబడును. 2010లో కువైటు దేశపు జైన్ సంస్థ తన ఆఫ్రికా టెలిఫోను వ్యాపారమును మన భారతీ ఎయిర్‌టెల్ సంస్థకు 1,070 కోట్ల డాలర్లకు అమ్మెను. ఫోనులు మ్రోగునది ఉగాండా మొదలగు దేశములలో. అమ్మకము మాత్రము నెదర్లండ్సులోని కాగితపు కంపెనీల మధ్య. ఉగాండాలోని వ్యాపారము కూడ చేతులు మారినది గనుక లాభములో మా భాగమునకు పన్ను కట్టుమని ఉగాండా అధికారులు జైన్‌ను సుమారు 8.5 కోట్ల డాలర్లు అడిగిరి. క్రింది న్యాయస్థానము కంపెనీ పక్షమున చెప్పినను, 2014లో అప్పీలు న్యాయస్థానము దానిని త్రోసివేసి, అడుగు అధికారము ఉగాండా వారికి గలదనెను. ఇట్టి తగవే మన దేశమున వోడాఫోన్ విషయమై జరిగి, 2012 జనవరిలో మన సుప్రీం కోర్టు కంపెనీ పక్షమున తీర్పు చెప్పెను. ఆ యేడే పార్లమెంటు చట్టమును వెనుకటి తేదీనుండి మార్చెను. 2021లో ఆ మార్పును విరమించుకొనెను. కనుక ఇది ఆఫ్రికావారి చిక్కు మాత్రమే యని మనము అనుకొనరాదు.

పైరెండు వృత్తాంతములను కలిపి చూచినచో ఒక్క సంగతి తేటపడును. జాంబియా అధికారి చూడవలసిన పుస్తకము స్విట్జర్లండులోను, ఉగాండా అధికారి చూడవలసిన ఒప్పందము నెదర్లండ్సులోను ఉండును. తన సరిహద్దు దాటిన వెంటనే పన్నుల అధికారికి కన్నులు పోవును. కంపెనీకి మాత్రము అన్ని దేశములలోను కన్నులే. దక్షిణాఫ్రికా మాజీ అధ్యక్షుడు తాబో ఎంబెకీగారి అధ్యక్షతను పనిచేసిన సంఘము 2015లో ప్రకటించిన అంచనా ప్రకారము, ఆఫ్రికానుండి అక్రమముగా వెలికి పోవు ధనము ఏటికి 5,000 కోట్ల డాలర్లు. 2020లో ఐక్యరాజ్యసమితి వాణిజ్యాభివృద్ధి సంస్థ దానిని 8,860 కోట్ల డాలర్లని లెక్కించెను. దాచిన ధనమును లెక్కపెట్టుట చీకటిలో గొఱ్ఱెలను లెక్కపెట్టుట వంటిది గనుక ఈ అంకెలను అక్షరాల నమ్మవలెనని మేము చెప్పము. సగమే నిజమైనను అది చిన్న మొత్తము కాదు.

ఈ కారణముచేత 2008 ఆగస్టులో ఆఫ్రికా దేశముల పన్నుల అధిపతులు ప్రిటోరియాలో సమావేశమై, ఎవరికి వారుగా పోరాడినచో లాభము లేదని గుర్తించి, 2009 నవంబరులో ఉగాండా రాజధాని కంపాలాలో ఒక సంఘమును నెలకొల్పిరి. ఆఫ్రికన్ టాక్స్ అడ్మినిస్ట్రేషన్ ఫోరమ్ అని దాని పేరు. పొడి అక్షరములతో ఆటాఫ్ అందురు. కార్యస్థానము ప్రిటోరియా. సభ్య రాజ్యములు నలువదికి మించినవి. ఇంగ్లీషు, ఫ్రెంచి, పోర్చుగీసు మాటలాడు దేశములు ఒకే బల్లచుట్టు కూర్చుండుటయే యొక విశేషము. ఏలయన వారి పన్నుల చట్టములు సయితము వేర్వేరు దొరలు వదలిపోయినవి.

ఆ సంఘము వారు చేయు పనిలో మాకు మిక్కిలి నచ్చినది ఉపాధ్యాయ వృత్తిని పోలిన భాగము. ఒక దేశమున కెన్నో యేండ్లు పట్టి నేర్చిన విద్యను మరియొక దేశమునకు నేర్పుట. పరాయి ధర సూత్రమును చట్టములో ఎట్లు వ్రాయవలెనో నమూనా చట్టము తయారుచేసి సభ్యుల కిచ్చిరి. కెన్యా 2006 వరకు అట్టి వివరమైన నియమములు లేకయే కోర్టులో వాదించి, 2005లో యూనిలీవర్ వ్యాజ్యమున ఓడిన పిమ్మట నియమములు వ్రాసికొనెను. ఓడి నేర్చుకొన్న పాఠమును పొరుగువారు ఓడకయే నేర్చుకొనుట మేలు కదా! 2015లో అడిస్ అబాబా నగరమున సరిహద్దులు లేని పన్నుల తనిఖీదారులు అను అర్థమువచ్చు పేరుతో మరియొక కార్యక్రమము ప్రారంభమయ్యెను. అనుభవము గల అధికారి పరదేశమునకు పోయి, అచ్చటి అధికారి ప్రక్కను కూర్చుండి, నిజమైన దస్త్రములమీదనే పని నేర్పును. కెన్యా అధికారులు బోట్స్వానాకు ఇట్లు పోయిరి. 2019లో ఎస్వాతీనీ రాజ్యమునకు ఈ సాహాయ్యము చేయుటకు భారతదేశము పూనుకొనెను. ఎస్వాతీనీ నేటాలు పొరుగుననే యున్నది. నూరేండ్ల క్రిందట మనవారు కూలికి పోయిన ఆ ప్రాంతమునకు ఇప్పుడు మన దేశము లెక్కల నిపుణులను పంపుట చూడగా మాకు సంతోషము కలిగినదని దాచనక్కరలేదు.

సమాచారమును ఇచ్చిపుచ్చుకొనుటకును ఒడంబడిక చేసికొనిరి. అది 2017లో అమలునకు వచ్చెను. దాని ప్రకారము ఒక దేశపు అధికారి మరియొక దేశపు అధికారికి వ్రాసి, ఫలానా కంపెనీ మీ యొద్ద చూపిన లెక్క యేది యని యడుగవచ్చును. ఇద్దరును కలిసి తనిఖీ చేయవచ్చును.

సరిహద్దులలో జరుగు సహకారము మరింత తేలికగా కంటికి కనబడును. కెన్యా దేశపు మొంబాసా రేవున దిగు సరుకులో కొంత ఉగాండాకు, రువాండాకు, ఇంకను లోపలి దేశములకు పోవలసినది. దారిని పోవు సరుకుమీద కెన్యా సుంకము తీసికొనదు. ఇందులోనే మోసమునకు తావున్నది. లారీ రాత్రివేళ దారిలో నిలిచి, సరుకు కెన్యాలోనే దింపి అమ్మివేయును; కాగితము మాత్రము సరిహద్దు దాటినట్లు ముద్ర వేయించుకొని వచ్చును. రెండు దేశములకును సుంకము పోయెను. సుంకము కట్టి సరుకు తెచ్చిన నిజాయితీ గల వర్తకుడు ధరలో పోటీ పడలేక నష్టపడెను. 2014 మొదలు తూర్పు ఆఫ్రికా రాజ్యములు ఒకే సుంక మండలముగా పనిచేయుచు, సరుకు రేవు విడువకముందే చేరవలసిన దేశపు సుంకమును వసూలు చేయు పద్ధతి పెట్టినవి. ఉగాండా అధికారులు మొంబాసాలోనే కూర్చుండిరి. 2017లో కెన్యా, ఉగాండా, రువాండాలు కలిసి లారీ పెట్టెలకు ఎలక్ట్రానిక్ తాళములు వేయించినవి. లారీ దారి తప్పినను, తాళము కదలినను మూడు దేశముల అధికారులకును ఒక్కసారే తెలియును. మొంబాసానుండి కంపాలాకు పదునెనిమిది దినములు పట్టు ప్రయాణము నాలుగైదు దినములకు తగ్గినదని అచ్చటివారు చెప్పుదురు. అంతకుముందే, 2009 డిసెంబరులో, జాంబెజీ నదిమీది చిరుండు వంతెన యొద్ద జాంబియా, జింబాబ్వే దేశములు రెండు తనిఖీలకు బదులు ఒక్క తనిఖీతో సరిపెట్టు ఠాణాను తెరచినవి. లారీ డ్రైవరులకు ఎండలో దినములు తరబడి కాచియుండు బాధ తగ్గెను.

ఇంతమాత్రమున అంతయు చక్కబడినదని వ్రాసినచో మేము చదువరులను మోసగించినవారమగుదుము. ఒక బల్ల చుట్టు కూర్చున్న రాజ్యములే, పెద్ద కంపెనీ వచ్చుననగానే, "మా దేశమునకు రండు, పదేండ్లు పన్ను లేదు" అని పోటీపడి పిలుచుచుండును. మారిషసు వంటి దీవులతో చేసికొన్న ఒడంబడికలు రెండుచోట్ల పన్ను తప్పించుటకని మొదలై, ఎచ్చటను పన్ను లేకుండ పోవు దారులైనవని నిందింపబడెను. 2019లో కెన్యా హైకోర్టు మారిషసుతో చేసిన అట్టి ఒడంబడికను, పద్ధతి ప్రకారము చట్టసభ ముందు పెట్టలేదను కారణముచేత కొట్టివేసెను. భారతదేశమునకును మారిషసుతో 1982 నాటి ఒడంబడికయున్నది. దానిని 2016లో సవరింపవలసి వచ్చెను.

ఇంతకంటె బాధాకరమైన దొకటి గలదు. వసూలు నేర్చిన ప్రభుత్వము ఖర్చు నేర్వనిచో ప్రజలు సహింపరు. 2024లో కెన్యా ప్రభుత్వము క్రొత్త పన్నుల బిల్లు తెచ్చెను. రొట్టె మొదలగువానిమీద పన్ను వేయనున్నారని విని, యువకులు వీధులలోనికి వచ్చిరి. జూన్ 25వ తేదీన పార్లమెంటు భవనములోనికి సయితము చొరబడిరి. పోలీసుల కాల్పులలో పలువురు ప్రాణములు గోల్పోయిరి. మరునాడు అధ్యక్షుడు రూటోగారు బిల్లుపై సంతకము చేయనని ప్రకటించిరి. ఆ యువకులు అడిగినది, మా పన్నులు ఎక్కడికి పోవుచున్నవి యని. పన్నుల అధికారులు ఎన్ని ఒడంబడికలు వ్రాసికొన్నను ఆ ప్రశ్నకు బదులు వారి చేతిలో లేదు. అది మంత్రుల చేతిలో నున్నది. గ్లెన్‌కోర్ వంటి సంస్థనుండి రావలసిన పన్ను వచ్చియుండినచో రొట్టెమీద చేయి వేయు అవసరము తగ్గునని మాత్రము మేము తలంతుము.

లోకమందలి పన్ను నియమములను ఎవరు వ్రాయవలెనను తగవును ఇప్పుడు పైకి వచ్చినది. 2021లో ధనిక దేశముల చొరవతో కుదిరిన ఒప్పందమునకు నైజీరియా, కెన్యాలు సమ్మతింపలేదు. తమకు వచ్చునది స్వల్పమని వారి వాదము. తరువాత ఆఫ్రికా దేశములన్నియు ఏకమై, నైజీరియా ముందు నిలువగా, ఈ పని ఐక్యరాజ్యసమితిలో అందరి సమక్షమున జరుగవలెనని తీర్మానము పెట్టిరి. 2023 నవంబరులో 125 దేశములు ఔననెను, 48 కాదనెను, 9 తటస్థముగా నుండెను. కాదన్నవానిలో ధనిక దేశములే హెచ్చు. 2024 డిసెంబరులో చర్చలకు హద్దులు నిర్ణయమయ్యెను. 2027లో ఒడంబడిక ముసాయిదాను సర్వసభ ముందు పెట్టవలెనని గడువు.

మేమీ సంగతులను క్లుప్తముగా మా తరగతిలో చెప్పినప్పుడు, మొదట ప్రశ్న వేసిన బాలుడే మరల లేచి, "అయ్యా, పన్ను వచ్చినచో జాంబియా పిల్లలకు ఏమి కట్టిరి?" అని యడిగెను. వానికి చెప్పిన బదులు ఇది. గనుల పన్నొక్కటియే ప్రభుత్వపు రాబడి కాదు, ఏ రూపాయి ఏ బడికి పోయినదో విడదీసి చూపుటకు వీలు లేదు. అయితే 2022 జనవరినుండి ఆ దేశపు ప్రభుత్వము పండ్రెండవ తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలలలో బడిజీతమును తీసివేసినది. జీతము కట్టలేక యింటనున్న పిల్లలు గుంపులుగా వచ్చి చేరిరి. తరగతులు కిక్కిరిసెను, బల్లలు చాలలేదు. ఆ యేడే ముప్పదివేల మంది ఉపాధ్యాయులను క్రొత్తగా నియమించిరి. "అందరికిని బల్లలు వచ్చినవా?" అని బాలుడు మరల అడిగెను. అప్పుడు కూడ గంట కొట్టిరి. ఈసారి మేము తరగతి విడువలేదు; ఆ ముప్పదివేల జీతములు నెలనెలా ఎచ్చటినుండి రావలెనో బోర్డుమీద వ్రాసి, పిల్లలచేతనే లెక్క వేయించితిమి.